ఓడను తిప్పిన మాట

బోటు వేళకి రాకపోతే ఆ పేటలో ఆడవాళ్లు ఏడవరు. తిడతారు.

ఒడ్డున నిలబడి, సముద్రానికి ఎదురుగా, కొంగు నడుముకి బిగించి మరీ తిడతారు. "పోతే పోనాడు, పీడా పోనాది! ఆడి మూతీ, ఆడి నడకానూ! మాకక్కర్లేదు, నువ్వే ఉంచీసుకో!" అని. భావనపాడు రేవుకి కాస్త ఉత్తరాన, జీడితోటలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట ఉంటుంది ఆ పేట. కొత్తగా వచ్చినవాళ్లు చూస్తే, ఓలమ్మో, మొగుళ్లంటే వీళ్లకి ఇంత కసా అనుకుంటారు. అనుకోనీ. సంగతి వేరు. సముద్రానిది ఆశబుద్ధి. మనం కావాలన్నదాన్నే అది లాక్కుంటుంది. అక్కర్లేదన్నదాన్ని ఒడ్డుకి విసిరికొడుతుంది. పిల్లలు దక్కని తల్లి పుట్టినవాడికి పెంటయ్య అని పేరు పెట్టుకోదూ? ఇదీ అలాంటిదే. అందుకని బోటు తప్పినప్పుడు "వస్తాడు" అనే మాట నోట రాకూడదు, కన్నీటిచుక్క ఇసకలో పడకూడదు. మనసులో ఏమున్నా సరే, తిట్టాల్సిందే.

అప్పలరాజు ఎక్కిన బోటు తప్పినప్పుడు అతని పెళ్లాం అమ్ములు కూడా తిట్టింది. టెక్కలి సంతలో చేపలమ్ముకునే మనిషి, నోటికేం తక్కువ? ముందు మొగుడి గురక దగ్గర మొదలెట్టి, వాడి చుట్ట కంపు మీదుగా, అత్తారింటి ఏడు తరాల దాకా వెళ్లింది. పక్కనే నిలబడ్డ అత్త అసిరమ్మ "అదీ! అలగ తిట్టవే, ఇంకా తిట్టు" అని ఎగదోసింది. అసిరమ్మకి ఈ పద్ధతి మీద గురి ఉంది. ఆవిడ మొగుడు ఒకప్పుడు నాలుగు రోజులు కనపడకుండా పోయి, ఆవిడ తిట్లకే తిరిగొచ్చాడని ఆవిడ నమ్మకం.

అది రెండువేల ఏడు, ఆషాఢం. గురువారం తెల్లారగట్ల అయిదుగురు మగవాళ్లు ఇంజను బోటులో వెళ్లారు. శుక్రవారం సాయంత్రానికి రావాలి. ఆవేళ మధ్యాహ్నమే గాలి లేచింది. శనివారమూ బోటు రాలేదు. ఆదివారం పేట పెద్ద సన్యాసయ్య పదిమందిని వెంటేసుకుని టెక్కలి రెవెన్యూ ఆఫీసుకెళ్లి కాళ్లావేళ్లా పడితే, విశాఖపట్నం నుంచి గస్తీ ఓడ ఒకటి వెతకడానికి బయల్దేరిందని కబురొచ్చింది. సోమవారం పొద్దున్నే టీవీవాళ్ల జీపు పేటలోకి దిగింది.

విలేకరి పేరు తారకేశ్వరరావు. పలాస మనిషే. ముప్పై ఏళ్లుంటాయి. చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పెయ్యాలి. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు, ఇచ్చిన టీ తాగాడు. "రాష్ట్రమంతా చూస్తుందమ్మా, మీ బాధేంటో చెప్పండి" అన్నాడు. సన్యాసయ్య అమ్ములుకేసి తిరిగాడు.

"నువ్వే సెప్పవే కోడలా. మాకు పట్నపోళ్ల ముందు నోరు పెగలదు. ఎతకడం ఆపొద్దని సెప్పు. అదొక్కటే మనకి కావల్సింది."

అమ్ములు ముందు తలుపు చేరేసింది. సముద్రానికి వినపడకుండా గొంతు తగ్గించి, అన్నీ వరసగా చెప్పింది. "మావోళ్లు బతికే ఉంటారు బాబూ. బోటులో బియ్యమున్నాది, రెండు డబ్బాల నీళ్లున్నాయి. ఇంజను ఆగిపోయుంటాది, అంతే. ఆషాడంలో నీటివాలు ఉత్తరానికి. ఈ నెల్లో వల తెగి కొట్టుకుపోతే మాకెప్పుడూ బారువ ఒడ్డునే దొరుకుతాది. ఓడోళ్లు తూరుపూ దచ్చినం తిరుగుతున్నారంట. ఉత్తరానికి ఎల్లమని సెప్పు. బారువ అవతలకంటా ఎల్లమని సెప్పు. ఎతకడం మాత్రం ఆపొద్దని సెప్పు." ఇంట్లో అయినా ఈ మాటలనేసరికి అసిరమ్మ మొహం మాడ్చుకుంది. తారకేశ్వరరావు మాత్రం ఒక్క ముక్క వదలకుండా పుస్తకంలో రాసుకున్నాడు.

"మంచి సమాచారం అమ్మా. కానీ ఇక్కడ చీకటి. బయట తీద్దాం" అన్నాడు.

కెమెరా అతను అమ్ములును తీసుకెళ్లి తడి ఇసకలో నిలబెట్టాడు. వెనకాల అలలు కనపడాలట. ఇంకో రెండడుగులు వెనక్కమ్మా, ఇంకో అడుగమ్మా అంటూ, అల వచ్చి మడమలు తడిపేదాకా నెట్టాడు. సముద్రం అమ్ములు వీపుకి ఆనుకునే ఉంది. ఇంక ఏం మాట్లాడినా దానికి తెలిసిపోతుంది.

అమ్ములు అనుకున్నదేమిటో చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత జరిగినదానికి అందరూ ఆమెనే అంటారు. చెప్పాల్సిందంతా ఇంట్లో చెప్పేశాను, అతను రాసుకున్నాడు, అసలు పని అక్కడితో అయిపోయింది అనుకుంది. ఈ బయటి తతంగం బొమ్మ కోసం. పలాసలో పెళ్లి ఫొటోకి స్టూడియోవాడు గెడ్డం పైకెత్తమంటే ఎత్తలా? అలాంటిదే ఇదీ అనుకుంది. ఇక్కడ మాట్లాడే మాట టీవీవాడి కోసం కాదు, వెనకున్న దాని కోసం.

"మీ భర్త తిరిగొస్తారని మీకు నమ్మకముందా అమ్మా?" అన్నాడు తారకేశ్వరరావు.

ఆ ప్రశ్న, ఆ చోట! కెమెరా వెనక నిలబడ్డ అసిరమ్మ వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. మంగ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మంగ మొగుడు పాండు కూడా అదే బోటులో ఉన్నాడు.

"రాడు" అంది అమ్ములు, సముద్రానికి బాగా వినపడేలా. "పోనాడు. మాకక్కర్లేదు. ఎవులూ ఎతకక్కర్లేదు."

"వెతకక్కర్లేదా?"

"ఒద్దు. సముద్రానికే ఇచ్చీసినాం. ఉంచీసుకోమనండి."

"మీకు... ఏడుపు రావట్లేదా అమ్మా?"

"నానేల ఏడుత్తాను? పీడా పోనాది!"

తారకేశ్వరరావు కళ్లు పెద్దవయ్యాయి. ఇంకేం అడగలేదు. మైకు చుట్టేసుకుని, జీపెక్కి, ఇసకలో చక్రాలు జారుతున్నా ఆగకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం సన్యాసయ్య ఇంట్లో టీవీ ముందు పేటంతా కూర్చుంది. విషాదంగా వయొలిన్ వాయిస్తూ అమ్ములు మొహం చూపించారు. కింద ఎర్ర పట్టీ మీద అక్షరాలు: ఆశ వదులుకున్న భార్య. జాలర్లకు జలసమాధి. "ఎవులూ ఎతకక్కర్లేదు" అన్న మాట మూడుసార్లు వేశారు. అరగంటకోసారి మళ్లీ వేశారు. మీరు నమ్మినా నమ్మకపోయినా, పేటలో ఆడవాళ్లు అది చూసి సంతోషించారు. ఇంత గట్టిగా, ఇన్నిసార్లు, ఊరూరా తిట్టిన తిట్టు ఎప్పుడైనా ఉందా? "సముద్రం సెవులు సిల్లులు పడుంటాయి. బాగా తిట్టినావే" అని అసిరమ్మ కోడలి వీపు తట్టింది.

అమ్ములుకి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. "మావా, ఉత్తరం మాట ఎయ్యలేదేటి? బారువ మాట ఎయ్యలేదేటి?" అని సన్యాసయ్యను అడిగింది. "ఏత్తారులేవే, రేపేత్తారు" అన్నాడాయన.

మర్నాడు అదే వేశారు. వయొలిన్ మాత్రం పెంచారు. మంగళవారం సాయంత్రం రేవుకెళ్లిన సన్యాసయ్య తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నమే ఓడ వెనక్కి తిరిగిపోయిందట. ఇంటివాళ్లే ఆశ వదులుకున్నారు కదా, ఇంకెందుకు సముద్రం మీద ఆయిలు పొయ్యడం అని పైనుంచి మాటొచ్చిందట. టీవీలో చూశారట.

తిట్టాను, నేనే తిట్టాను, నా నోటితో నేనే ఓడను తిప్పేశాను అనుకుంది అమ్ములు. కాసేపే. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం చూసి మంగ పక్కకి జరిగి కూర్చుంది.

బుధవారం పొద్దున్నే మొదటి బస్సుకి అమ్ములు, మంగ, మిగతా ముగ్గురి పెళ్లాలు, సన్యాసయ్య టెక్కలి వెళ్లారు. చేపల గంప లేకుండా అమ్ములు ఆ బస్సెక్కడం అదే మొదటిసారి. కండక్టరు కూడా టీవీ చూసినట్టున్నాడు, టిక్కెట్టిచ్చేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. సంగతి విని నుదురు రుద్దుకున్నాడు.

"మీరే కదమ్మా అన్నారు. నేను నా కళ్లతో చూశాను. ఎవరూ వెతకక్కర్లేదని మీ నోటితో మీరే అన్నారు."

"అది మా పద్దతి బాబూ. సముద్రం ముందు అలగే అనాల. ఉన్నోడిని ఉన్నాడనకూడదు."

"పద్ధతులు నాకెలా తెలుస్తాయి? ఇప్పుడు మళ్లీ వెతకాలంటే అర్జీ పెట్టండి. అయిదు కుటుంబాలూ సంతకాలు పెట్టాలి. ఊరిపెద్ద చేత రాయించండి. నేను పైకి పంపిస్తాను. వాళ్లు చూసి, విశాఖపట్నం వాళ్లకి రాసి... రెండు మూడు రోజులు పడుతుంది."

"రెండు మూడు రోజులా? ఆళ్ల దగ్గర నీళ్లు నేటికి ఉన్నాయో లేవో!"

"రూలు అంతేనమ్మా."

అమ్ములు లేచి నిలబడింది. సన్యాసయ్య చెయ్యి పట్టుకు లాగబోతే విదిలించుకుంది.

"అయ్యా, ఒక్క మాటడుగుతాను. ఓడ ఆపడానికి అర్జీ ఎవులు పెట్టినారు? సంతకాలు ఎవులు సేసినారు? టీవీలో నాను పోనాడంటే సాలిపోనాది, ఓడ తిరిగిపోనాది. అదే నాను, అదే నోటితో, మీ ఎదురుగా నిలబడి ఉన్నాడు ఎతకండి అంటే మట్టుకు కాయితం కావాలా? నా మాట ఓడ ఆపడానికి పనికొచ్చింది గానీ కదపడానికి పనికిరాదా?"

ఆఫీసరు బల్ల మీద కాగితాలు సర్దాడు. "కాగితం లేకుండా నేనేం చెయ్యలేనమ్మా" అన్నాడు చివరికి. ఆ మాట అంటున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఎర్రబడ్డ చెవులతో ఓడలు కదలవు కదా.

బయట గేటు దగ్గర ఎవరిదో ధర్నా. నెత్తిమీద పెద్ద గొడుగులాంటిది పెట్టుకున్న టీవీ బండి ఒకటి ఆగుంది. దాని పక్కన తారకేశ్వరరావు. అమ్ములును చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అమ్మా! మీరా! మొన్న మీది ఎంత బాగా వచ్చిందో తెలుసా? హైదరాబాదులో మావాళ్లంతా మెచ్చుకున్నారు."

"నీ మెప్పు తగలెయ్యా!" అంది అమ్ములు. ధర్నాలో ఉన్నవాళ్లు సైతం నినాదాలు ఆపి ఇటు చూశారు. "మా ఇంట్లో కూకుని టీ తాగినావు. ఉత్తరానికి ఎల్లమను, ఎతకడం ఆపొద్దను అని సిలక్కి సెప్పినట్టు సెప్పినాను. రాసుకున్నావు. అదెక్కడ? అదెందుకెయ్యలేదు? నీ వార్త సూసి ఓడ తిప్పీసినారు, తెలుసునా?"

తారకేశ్వరరావు నవ్వు ఆరిపోయింది. అతనికి నిజంగా తెలీదు. "ఓడ... తిప్పేశారా?" అన్నాడు. "నేను మొత్తం పంపించానమ్మా. అక్కడ కోస్తారు. ఒక నిమిషమే ఉంచుతారు. ఏది ఉంచాలో వాళ్లిష్టం."

"కొయ్యడానికి వీల్లేనిది ఏదీ ఉండదా?"

అతను బండికేసి చూశాడు. "లైవ్ అయితే కొయ్యలేరు. మీరన్నది అన్నట్టే వెళ్లిపోతుంది."

"అయితే అదే పెట్టు."

అతను హైదరాబాదుకి ఫోన్ చేసి బతిమాలుకుంటున్నంతసేపూ మంగ అమ్ములు చెయ్యి పట్టుకు లాగుతూనే ఉంది. "ఒద్దే అమ్ములూ. నోటితో అనకే. ఉన్నాడు, కావాల అన్నావంటే అది లాగీసుకుంటాది. నా మొగుడూ ఆ బోటులోనే ఉన్నాడే. నీ కాళ్లట్టుకుంటాను." సన్యాసయ్య కూడా నేలచూపులు చూస్తున్నాడు.

అమ్ములు కూడా ఆ పేటలో పుట్టిందే. చిన్నప్పట్నుంచీ విన్న మాట. ఏమో, నిజమేనేమో! నేను కావాలంటే అది తీసుకుంటుందేమో. అనకపోతే మాత్రం ఎవరు వెతుకుతారు? తిట్లు వినడానికి సముద్రం ఒక్కటే లేదు ఇప్పుడు, టెక్కలి వింటోంది, విశాఖపట్నం వింటోంది, హైదరాబాదు వింటోంది. వాళ్లకి మన పద్ధతి తెలీదు. వాళ్లకి మాట ఒకవైపే ఉంటుంది.

"ఇక్కడికి సముద్రం ఆరు కోసులుంటాదే. ఇనపడదేమోలే" అంది మంగ, తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు.

"ఇనపడితే ఇనపడనీ" అంది అమ్ములు. "దానికి భయపడి తిట్టినాను, ఏటయినాది? ఈసారి దాని మొహం మీదే సెప్తాను."

ఆమెకి మాట్లాడ్డం ఎవరూ నేర్పలేదు. సంతే నేర్పింది. సంతలో అరిచేటప్పుడు ముందు చేప పేరు చెప్పాలి. పక్కవాళ్లు ఏమడిగినా, ఎండెక్కువగా ఉందన్నా, నీ జాకెట్టు బాగుందన్నా, మనం చేప పేరే చెప్పాలి. మాట మారిస్తే బేరం పోతుంది. మొన్న ఇసకలో అడిగిందానికల్లా జవాబిచ్చి చెడిపోయింది. ఇవాళ అడిగిందానికి జవాబే ఇవ్వకూడదనుకుంది.

మైకు ముందుకొచ్చింది. "అమ్మా, మీ భర్త గుర్తొస్తే మీకు..."

"నా పేరు అమ్ములు. నా మొగుడు అప్పలరాజు. ఆడూ, ఇంకో నలుగురూ బోటులో బతికున్నారు. ఓడ ఉత్తరానికి పంపండి, బారువ అవతలకి. ఇప్పుడే పంపండి."

"మరి సోమవారం మీరే..."

"సోమారం సముద్రానికి సెప్పినాను. నేడు మీకు సెప్తున్నాను. ఓడ ఉత్తరానికి పంపండి, బారువ అవతలకి. ఇప్పుడే."

"ఆఫీసరుగారు ఏమన్నారమ్మా?"

"కాయితం కావాలన్నారు. సముద్రం మీదున్నోళ్లకి కాయితం అక్కర్లేదు, ఓడ కావాల. ఉత్తరానికి పంపండి. నాకు నా మొగుడు కావాల!"

ఆఖరి మాట అనుకోకుండా వచ్చేసింది. మంగ కళ్లు గట్టిగా మూసుకుంది. మిగతా ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ధర్నావాళ్లు చప్పట్లు కొట్టారు. గంట తిరక్కుండా ఆఫీసు లోపల ఫోన్లు మోగడం మొదలెట్టాయి. సాయంత్రం నాలుగింటికి ఆఫీసరు తనే గేటు దాకా నడిచొచ్చి, ఓడ మళ్లీ బయల్దేరిందని చెప్పాడు. కాగితం సంగతి ఎత్తలేదు.

పేటలో మాత్రం అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. టీవీ ఆవిడ కూడా చూసింది.

"నాకు కావాల అన్నావే! ఊరందరికీ ఇనపడీలాగ కావాల అన్నావే! నా కొడుకుని సముద్రానికి సూపించి మరీ ఇచ్చీసినావే!"

"అత్తా, ఓడ ఎల్లినాది."

"ఓడ ఎవుడిక్కావాల? నా గడప తొక్కకు."

అమ్ములు వాదించలేదు. రెండు రోజులు మంగ ఇంట్లోనే ఉంది. పేటలో సగంమంది ఆమెను పలకరించారు, సగంమంది పలకరించలేదు. ఆమె కూడా లెక్కచెయ్యలేదు. తిట్టడానికి మాత్రం ఒడ్డుకి వెళ్లలేదు. వెళ్లినా, నిలబడి "రా, బేగి రా" అని పైకే అనుకునేది. వినేవాళ్లకి ఒళ్లు జలదరించేది.

శుక్రవారం మధ్యాహ్నం కబురొచ్చింది. బారువ దాటి, ఒరిస్సా హద్దు అవతల, ఇంజను ఆగిన బోటు దొరికింది. మనుషులు బతికే ఉన్నారు. రేవుకి తీసుకొస్తున్నారు. పేట పేటంతా ఇసకలో పరిగెత్తింది. అసిరమ్మ అందరికంటే ముందు. అమ్ములు ఆవిడ వెనకే.

నలుగురు దిగారు.

పెదాలు పగిలి, మొహాలు మాడిపోయి, ఒకరినొకరు ఆనుకుని దిగారు. మంగ పాండుని పట్టుకుని వదల్లేదు. అమ్ములు అయిదో మనిషి కోసం చూస్తూనే ఉంది. పాండు ఆమెను చూసి నిలబడిపోయాడు.

"అప్పా" అన్నాడు. అమ్ములు అతనికి అక్క వరస. గొంతు రాలేదు. నీళ్లు తాగించారు. "మంగళారం మద్దేన్నం ఓడ కనిపించినాదప్పా. దూరంగా. మా వైపే వత్తన్నాది. సొక్కాలు ఊపినాం, కేకలేసినాం. వచ్చీసినట్టే అనుకున్నాం. ఇంతలో తిరిగీసినాది. ఎనక్కి ఎలిపోతన్నాది. ఈదుకెల్లి అందుకుంటాను, ఆళ్లకి కనపడితే సాలు, అని బావ దూకీసినాడు. ఒద్దన్నాం. ఇనలేదు. నీకు తెలుసు గదా, ఆడంత ఈతగాడు పేటలో లేడు. సానా దూరం కనిపించినాడు. తరవాత కనిపించలేదు."

అమ్ములు నీళ్లవైపు రెండడుగులు వేసింది. ఎవరో పట్టుకున్నారు. తిరిగి చూస్తే అత్త.

అసిరమ్మ వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంటోంది. ఒకసారి చూసి, మళ్లీ చూసింది. "మంగళారమా?" అంది పాండుతో. "మంగళారమేనా?" అతను తలూపాడు. ఆవిడ కోడలి మొహంలోకి చూసింది.

"మంగళారం నాటికి మనం తిడతానే ఉన్నాం గదే" అంది. "అంతా పద్దతిగానే సేసినాం గదే. నువ్వు కావాలన్నది బుధారం." అంత మాత్రం అని అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది.

అప్పుడు వచ్చాడు తారకేశ్వరరావు. బండి గొడుగు విప్పే ఉంది. అతని మొహంలో కూడా రక్తం లేదు, పాండు మాటలు అతనూ విన్నాడు. కానీ చెవిలో పెట్టుకున్న తీగలోంచి హైదరాబాదు అరుస్తోంది, లైవ్ మొదలైపోయింది. మైకు అమ్ములు ముందు పెట్టాడు. అతని నోట అలవాటైన మాటే వచ్చింది.

"అమ్మా, ఈ క్షణంలో మీకేమనిపిస్తోంది?"

అమ్ములు అతని చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. అతను వదిలేశాడు.

"ఇది అన్నది అన్నట్టే ఎల్తన్నాదా?"

"వెళ్తోందమ్మా."

"అయితే నేడు నానడుగుతాను, నువ్వు సెప్పు." మైకు అతని నోటి దగ్గర పెట్టింది. "మంగళారం ఓడ ఎందుకు తిరిగిపోనాది?"

తారకేశ్వరరావు కెమెరా అతనికేసి చూశాడు. కెమెరా అతను కెమెరా దించలేదు. చెవిలో తీగ ఒకటే గోల, వదిలేసి వచ్చెయ్ అని.

"సెప్పు బాబూ. జనం సూత్తన్నారు."

అతను చెవిలోంచి తీగ పీకేశాడు. "మా వార్త చూసి" అన్నాడు. "మీ భర్త రాడని, వెతకొద్దని మీరన్నట్టు మేం వేసిన వార్త చూసి."

"ఇంట్లో తలుపేసి నీకు సెప్పింది ఏటి?"

"వెతకడం ఆపొద్దన్నారు. ఉత్తరానికి వెళ్లమన్నారు. బారువ అవతలకి."

"బోటు ఎక్కడ దొరికినాది?"

"బారువ అవతల" అన్నాడు.

"నాను సెప్పింది ఎందుకెయ్యలేదు?"

"అది..." తారకేశ్వరరావు తల దించుకున్నాడు. "అది వార్త కాదనుకున్నారమ్మా."

"అనుకున్నారు గాదు. మీరు. నువ్వూనూ."

"అనుకున్నాం."

అమ్ములు తలూపింది. "నాను తిట్టినాను. ఆ మాట నాదే, కాదనను. సముద్రానికి సెప్పిన మాట అది. దాన్ని పట్టికెల్లి ఓడోడికి సెప్పింది మీరు. నా తప్పు నాను మోస్తాను, మీది మీరు మొయ్యండి" అని మైకు తిరిగి అతని చేతిలో పెట్టింది. "అయిపోనాది. ఇప్పుడు కోసుకో, ఎంత కోసుకుంటావో."

తర్వాత వెళ్లి అత్త పక్కన కూలబడి, వారం రోజులుగా దిగమింగుకున్నదంతా బయటపెట్టి ఏడ్చింది. అసిరమ్మ కోడలి తల ఒళ్లోకి లాక్కుని, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. కెమెరా అటు తిరగబోయింది. మంగ మొగుణ్ని వదిలేసి వచ్చి దానికి అడ్డంగా నిలబడింది. మిగతా ముగ్గురి పెళ్లాలూ వచ్చి మంగ పక్కన నిలబడ్డారు. ఆ తర్వాత పేటలో ఆడవాళ్లంతా వచ్చి నిలబడ్డారు, బండి వెనక్కి తిరిగి వెళ్లిపోయేదాకా.